ట్రాష్ మన చెరకు తోటలో ఉంటుంది

(అనకాపల్లి దగ్గర పల్లెటూరు. సెలవులకు డల్లాస్ నుంచి వచ్చిన అమ్మాయి అరటితొక్క చేత్తో పట్టుకుని "ట్రాష్ ఎక్కడ వెయ్యాలి?" అంది. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన పెదనాన్న నవ్వారు.)

పెదనాన్న: ట్రాష్ మన చెరకు తోటలో ఉంటుందమ్మా. నీ చేతిలో ఉన్నది గార్బేజ్.

అమ్మాయి: రెండూ చెత్తే కదా పెదనాన్నా!

పెదనాన్న: చెత్తే. కానీ చెరకు ఎండుటాకుకి ఇంగ్లీషులో ట్రాష్ అని పేరు. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రంలో ఎవర్నైనా అడుగు. చెరకు నాటాక హెక్టారుకు 3 టన్నులు పొలంలో పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, పీక పురుగు తగ్గుతుంది. దాన్ని డబ్బాలో పడేస్తానంటే రైతు ఊరుకుంటాడా?

అమ్మాయి: అది పొలం మాట. మా దగ్గర డైపర్లు, మిగిలిన అన్నం, విరిగిన బొమ్మలు... అన్నీ ట్రాషే.

పెదనాన్న: అలా కలిసిపోతేనే నాకు బాధ. గార్బేజ్ అంటే మొదట్లో ఏమిటో తెలుసా? కోడి లోపలి సరుకు. 15వ శతాబ్దపు ఇంగ్లీషు వంటల్లో ఆ పేరుతో కూరే ఉంది. తల, కాళ్లు, కార్జం, కందనకాయ వేసి వండేవారు.

అమ్మాయి: ఛీ! అయితే నిన్న మీరు రెండోసారి వడ్డించుకున్న కందనకాయ వేపుడు గార్బేజా?

పెదనాన్న: (కాస్త ఆగి) వేపుడు బాగుందిలే. మాట మారితే నాకు అభ్యంతరం లేదమ్మా, తేడా చెరిగిపోతేనే. రబ్బిష్ చూడు, కూలిన గోడల రబుల్‌కి చుట్టం. ఆకుకి ఒకటి, వంటింటికి ఒకటి, ఇటుక పెళ్లలకి ఒకటి. ఇన్ని మాటలుంటే అన్నిటికీ ఒక్కటే వాడతారేం?

అమ్మాయి: మనం మాత్రం? చెరకు ఆకు చెరకు చెత్త, వాకిట్లో ఊడ్చింది చెత్త, నచ్చకపోతే చెత్త సినిమా. ఎవరైనా తికమకపడ్డారా? మునిసిపాలిటీ బండివాళ్లు ముందు "తడి", "పొడి" అని తగిలించారు, పని జరిగిపోతోంది.

పెదనాన్న: తగిలించాల్సి వచ్చిందంటే ఒక్క మాట చాలలేదనేగా!

అమ్మాయి: కొత్త మాట కూడా అక్కర్లేదనేగా! మొన్న పాత ఇనుము బండికి వేసిన విరిగిన కుర్చీని పెద్దమ్మ చెత్త అనలేదు, స్క్రాప్ అంది. కిలోకి ఇంత అని బేరం కూడా ఆడింది. పైసా వచ్చేదానికి పేరు దానంతటదే మారుతుంది.

పెదనాన్న: మీ పెద్దమ్మ బేరాన్ని నిఘంటువులో ఎక్కించలేం.

అమ్మాయి: సరే, ముందు ఈ తొక్క సంగతి చెప్పండి. చెయ్యంతా జిగురు.

పెదనాన్న: ఇలా తే. గేదెకి పెడతాను.