బ్రూనో గారి నేరాంగీకారం

మా కింద వాటా వాళ్ళ కుక్క బ్రూనో కనుమ రోజు సోఫా తినేసింది. మొత్తం కాదు లెండి, రెండు కుషన్లు, ఒక పక్క చెయ్యి, కర్టెన్లో కింద సగం, ఇంకా ఒక ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. డబ్బా మటుకే, పూతరేకులు భోగి నాడే మనుషులు తినేశారు. ఇంటిల్లిపాదీ కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థానికని పొద్దున్న 9కి తాళం వేసి, తీర్థం, బంధువులు, బంధువులింట్లో భోజనాలు, ఆ భోజనాల మీద నిద్రలు అన్నీ కానిచ్చుకుని రాత్రి 8కి దిగారు. అక్కడ ఏకాదశ రుద్రులు, ఇక్కడ 11 గంటలు, లెక్క సరిపోయింది.

దిగీ దిగగానే హాల్లో కోర్టు పెట్టారు. మధ్యలో ముద్దాయి, ముందు సాక్ష్యంగా పేగులు బయటపడ్డ కుషను, ఇంటాయన చేతిలో బెల్టు, పిల్లాడి చేతిలో ఫోను. "ఎవరు చేశారిది? ఊఁ? ఎవరు చేశారిది?" అని ఆయన అడగటం, ఆగటం, మళ్ళీ అడగటం. తాళం వేసిన ఇంట్లో ఒక్కటే ప్రాణి ఉంది, దాన్ని కాకపోతే గోడ మీద బల్లిని అనుమానించాలి కాబోలు. బ్రూనో చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుని, మొహం పక్కకి తిప్పేసుకుంది. "చూశారా అండీ, తప్పు చేశానని దానికి తెలుసు, ఆయ్" అన్నాడాయన నాతో, ఎంతో గర్వంగా. వీడియో స్టేటస్‌లోకి పోయింది, కింద నవ్వు బొమ్మలు నలభై.

2009లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ 14 కుక్కలతో సరిగ్గా ఈ పంచాయితీయే పరీక్ష చేసి చూసింది. తినొద్దన్న బిస్కెట్ తిన్న కుక్క, తినని కుక్క, రెండూ తిడితేనే ఆ దొంగమొహం పెట్టాయి. పైగా తినకుండానే తిట్లు తిన్నవి ఇంకాస్త బాగా పెట్టాయంట. అంటే అది నేరాంగీకారం కాదు, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి పుట్టిన భయం. పొద్దున్న కొరికిన కుషనుకి రాత్రి కొడితే, కుక్కకి అర్థమయ్యేది ఒక్కటే, అయ్యగారు ఇంటికొస్తే దెబ్బలు పడతాయని.

ఇదంతా చెప్తే "అది సరేనండి, కాకినాడలో నెల రోజులు ఉంచుకుని ట్రైనింగ్ ఇచ్చి పంపేవాళ్ళున్నారంట, నంబరేవైనా ఉందా?" అన్నాడు. ఈ ఇంట్లో ఒంటరిగా ఉండలేని కుక్కకి కాకినాడలో పదిమంది మధ్య ట్రైనింగ్! షేక్‌హ్యాండ్ నేర్చుకుని వస్తుంది, మిగిలిన సగం కర్టెన్ తినే ముందు దానికి షేక్‌హ్యాండ్ ఇస్తుంది.

సరే, ఒంటరిగా ఉండాలంటే దానికున్న భయం పోయేలా డబ్బు ఖర్చు లేని పద్ధతి చెప్పాను. తాళాలు గలగలలాడించి వెళ్ళకుండా కూర్చోండి, చెప్పులేసుకుని మళ్ళీ విప్పేయండి, అలా దాని కంగారు తగ్గాక అర నిమిషం బయటికెళ్ళి రండి, తర్వాత నిమిషం, తర్వాత ఐదు, అది భయపడకముందే తిరిగొచ్చేయాలి. బయల్దేరే ముందు కాలవ గట్టున బాగా నడిపించండి, కుక్కలు నమిలే బొమ్మలో పెరుగన్నం కుక్కి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెట్టండి, ఉల్లిపాయ మాత్రం వద్దు. కుక్క బాగా భయపడిపోతే అదీ ముట్టుకోదు లెండి.

ఇల్లు ఖాళీగా ఉండాలి కాబట్టి మర్నాడు పొద్దున్న ఆరింటికి నలుగురూ తాళం వేసి గేటు దగ్గర నిలబడ్డారు, ఆయన లుంగీలో, ఆవిడ నైటీలో, పిల్లాడు బ్రష్ నోట్లో పెట్టుకుని, మామ్మగారు కుర్చీతో సహా. కోనసీమలో మనిషి గుమ్మం దాటి అర నిమిషం ఊరికే నిలబడటం కుదిరే పనా? పాలాయన సైకిల్ ఆపేశాడు, "ఏవండోయ్, ఎందాకా?" "ఎందాకా లేదు, కుక్కకి ట్రైనింగ్." "కుక్కకి ట్రైనింగైతే మీరెందుకండి బయటున్నారు?" ఎదురింటి మాస్టారు భూకంపం అనుకుని ఆయన కుటుంబాన్నీ బయటికి తెచ్చేశారు, పక్కింటి పిన్నిగారు "గ్యాస్ లీకా అమ్మా?" అని కొంగు ముక్కుకడ్డం పెట్టుకున్నారు. ఈ సంజాయిషీలన్నీ అయ్యేసరికి అర నిమిషం కాస్తా పావుగంటైంది, లోపల బ్రూనో ఏడుపు అందుకుంది. సాయంత్రానికి వీధి చివర అప్పులవాళ్ళు ఇంటికి తాళమేశారన్న కబురు తయారు. మూడో రోజుకి పరువు ముఖ్యం అని మానేశారు.

మానేసి దాన్ని డాబా మీద వాటర్ ట్యాంకుకి కట్టేశారు, నాలుగడుగుల గొలుసుతో.

ఆ కనుమ నాడు ఎవరూ వీడియో తియ్యనిది ఒకటుంది. వీధి తలుపు లోపలివైపు. టేకు తలుపు కింద జానెడు మేర గోళ్ళతో చెక్కేసి ఉంది, గడపకి రాసిన పండగ పసుపు దాని పాదాలకి అంటుకుంది, చీలిన గోరు నెత్తురు ఆ పసుపులో కలిసి ఎర్రబడిపోయింది. అల్లరికి కొరికే కుక్క సోఫాతో ఆగుతుందండీ, తలుపు చెక్కేది మీరు వెళ్ళినవైపు రావడానికి! కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ చేపలవాళ్ళతో సముద్రంలో వలలు లాగిన జాతి, రోజంతా మనిషిని అంటిపెట్టుకుని పనిచేసే జంతువు, దాన్ని కొనుక్కొచ్చి గదిలో పడేసి పైగా బెల్టా? ఇంత కడుపుకి అన్నమే తింటున్నామా మనం? 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో రాసే ఉంది, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యటం, కట్టేసిన కుక్కని నడిపించకపోవటం నేరమని. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 50కి ఇవాళ మంచి నెయ్యి పూతరేకులు మూడు రావు, ఆ ప్రాణం ఖరీదు మాత్రం అందులో సరిపెట్టారు.

నిన్న భీమవరంలో పెళ్ళని మళ్ళీ బయల్దేరారు. వర్షం పడేలా ఉందని కిందకి దింపారు, అంతవరకు సంతోషం. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, "కాస్త కనిపెట్టుకుని ఉండండి, ఆయ్. ఏవన్నా కొరికితే మొహమాటపడకండి, ఎవరు చేశారని గట్టిగా అడగండి" అన్నాడు.