పాయింట్ రెండు ఓముల లొల్లి

వరంగల్ కాశిబుగ్గల మేం కిరాయికున్న ఇంటి ఓనర్లు కొమురయ్య, సులోచన టీచరమ్మ. ఆయన ముప్పై ఏండ్లు మోటర్ వైండింగ్ దుకాణం నడిపిండు. ఆమె జడ్పీ హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైంది. కరెంటు సంగతి ఇద్దరికీ ఎరుకే, లొల్లంతా గక్కడనే. ఆయనది చేతి చదువు, ఆమెది చాక్‌పీస్ చదువు. వాళ్ళ వరండా సరిగ్గ మా మెట్ల కింద. ఇనొద్దనుకున్నా ఇనవడతది. (ఇనొద్దని నేనెన్నడూ అనుకోలేదు, అది వేరే ముచ్చట.)

దసరాకు మాంచెస్టర్ నుంచి వచ్చిన బిడ్డ, అల్లుడు పొద్దున్నే రామప్పకు పోయిండ్రు. టైము మూడైతున్నది.

సులోచన: ఏందయ్యా, ఎండల కూసున్నవ్? ఆ భూతద్దమెందుకు?

కొమురయ్య: నీకెందుకే? పని.

సులోచన: దుకాణం మూసినోనికి ఏం పని? ఆగాగు. గది నా పాత స్టవ్ కాయిల్ కాదా?

కొమురయ్య: పారేసినవ్ గదా.

సులోచన: పారెయ్యలే, అటక మీద దాచిన. మూర పొడుగు కోసినవ్ దాన్ని! ఆ రాగి గొట్టమేంది?

కొమురయ్య: నెబ్యులైజర్. అల్లునికి జర దమ్ము.

సులోచన: దమ్ము కాదు, దమ్ము కొట్టేది. ఈ-సిగరెట్ అది. తొమ్మిదో తరగతి పోరగాండ్ల జేబులు తడిమి తడిమి రిటైరైన నేను. నాకే నెబ్యులైజర్ అంటవా?

కొమురయ్య: పొగ గాదట సులోచనా, ఆవిరట.

సులోచన: ఆవిరి ఇడ్లీ గిన్నెల ఉంటది. దీంట్ల నికోటిన్ ఉంటది. 2019 సెప్టెంబర్‌ల ఆర్డినెన్స్ తెచ్చిండ్రు, డిసెంబర్‌ల చట్టం చేసిండ్రు. తయారుచేసుడు, అమ్ముడు, బయటిదేశం నుంచి తెచ్చుడు, ఆఖరికి అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చుడు సుత బంద్. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేకుంటే లక్ష దాకా జరిమానా, లేకుంటే రెండూ.

కొమురయ్య: నేను తయారు చేస్తున్ననా? రిపేరు.

సులోచన: నువ్వు చుట్టేదాన్ని తయారంటరా రిపేరంటరా, జడ్జిగారినే అడుగుదాం నడువు. అంగీ వేసుకో.

కొమురయ్య: వాళ్ళ ఊర్ల దుకాణంలనే అమ్ముతరటనే.

సులోచన: అయితే వాళ్ళ ఊర్లనే తాగుమను. ఇది కాశిబుగ్గ. అసలు నీ దగ్గరికెట్ల వచ్చింది?

కొమురయ్య: నిన్న రాత్రి బువ్వ తినంగ అన్నడు, 'మామయ్యా, కాయిల్ మాడిపోయింది, ఇక్కడ దొరకది' అని. పది హెచ్‌పీ మోటర్లు చుట్టినోన్ని, గీ గోరంత కాయిల్ నాకో లెక్కనా? ఆర్ఈసీల చదివినోడు నా దిక్కు చూసి అడిగిండే!

సులోచన: ఎన్ఐటీ అను. 2002లనే పేరు మారింది.

కొమురయ్య: ఊరంత ఆర్ఈసీ అంటది, నీకే నొప్పి. ఇగ చూడు. చీటీ రాసిచ్చిండు: మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు మీద ఐదు చుట్లు, 26 గేజ్ తీగె, అసొంటివి రెండు కాయిళ్ళు. మొత్తం 0.25 ఓములు రావాలె. చుట్టుడైపోయింది. ఎంత పొందికగున్నయో చూడు, నీ జాకెట్ కుట్లు సుత గిట్లుండయ్.

(ఇది నిజం. తర్వాత నేను కండ్లార చూసిన. చుట్టుకు చుట్టు ఆనుకొని, పాల బువ్వల సేమియా లెక్క కాకుండ, దేవుని మెడల గొలుసు లెక్కున్నయి.)

సులోచన: ఆ తీగె మీద ఎన్నిసార్లు పాలు పొంగినయో ఎరుకేనా? పోయిన సంక్రాంతికి పాకం కారింది. గా మసంతా అల్లుని ఊపిరితిత్తులకా?

కొమురయ్య: …గరికె కాగితంతోని రుద్దిన.

సులోచన: 26 గేజ్ అని నీకెట్ల తెలిసింది?

కొమురయ్య: గేజ్ ప్లేట్ల పెట్టి చూసిన. 26 గాటుల బిగువుగ సొచ్చింది. ఇంక అనుమానమేంది?

సులోచన: నీ ప్లేటు ఏ గేజ్?

కొమురయ్య: గేజ్ అంటే గేజ్.

సులోచన: ఎస్‌డబ్ల్యూజీ. బ్రిటిష్ గేజ్ అది. నీ మోటర్ తీగెలన్ని గదే. వీళ్ళ సామానుకు రాసేది అమెరికా గేజ్, ఏడబ్ల్యూజీ. దాంట్ల 26 అంటే 0.405 మిల్లీమీటర్లు. నీ దాంట్ల 26 అంటే 0.457. నీ తీగె లావు. లావైతే రెసిస్టెన్స్?

కొమురయ్య: …తగ్గుతది.

సులోచన: చెయ్యెత్తి చెప్పాలె.

కొమురయ్య: తగ్గుతదే తల్లీ! అయితే ఏమాయె? మీటర్ పెట్టి చూసిన. 0.5 చూపెడుతుంది. తగ్గుడు కాదు, రెట్టింపున్నది. అందుకే రెండేసి చుట్లు తీసేద్దామని కటింగ్ ప్లేయర్ పట్టుకున్న, గంతలనే నువ్వొచ్చినవ్.

సులోచన: ప్లేయర్ కింద పెట్టు.

కొమురయ్య: ఎందుకు?

సులోచన: పెట్టుమన్ననా! ఇప్పుడు ఆ మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి ముట్టియ్యి. నడుమ ఏం లేకుండ.

కొమురయ్య: ముట్టిస్తే జీరో వస్తది. చిన్నపోరగాండ్లకు సుత… ఆఁ? 0.3?

సులోచన: అది నీ మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్. ఇరవై ఏండ్ల సంది వాడుతున్న అని ఊరంత చెప్తవ్. మోటర్ల పని కాబట్టి ఇన్నాళ్ళు ఎరుకకు రాలే. గీ చిన్న కాయిల్ మీద పెడితే కాయిల్ కన్న వైర్లే ఎక్కువ చూపెడతయ్. 0.5ల 0.3 తీసెయ్యి.

కొమురయ్య: 0.2.

సులోచన: ఇంకా చుట్లు తీస్తా అన్నవ్. తీస్తే 0.12, 0.13 దగ్గర పడుతుండె.

కొమురయ్య: పడితే పడనీ! ఏంది నీ గాబర? నాలుగు వోల్టులే! 440ల చెయ్యి పెట్టి వచ్చినోన్ని నేను. నాలుగు వోల్టులను నాలుక మీద పెట్టుకున్నా చక్కిలిగింతనే.

సులోచన: ఈ మాట మీదనే నువ్వు మా స్కూల్ల ఫెయిలైతుంటివి. స్టవ్ ఎన్ని వాట్లది?

కొమురయ్య: వెయ్యి.

సులోచన: 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు గుంజుతది. దాని కాయిల్ 53 ఓములుంటది కాబట్టి. ఇప్పుడు నీది: ఫుల్ చార్జింగ్‌ల సెల్లు 4.2 వోల్టులు, ఓములు 0.2. భాగియ్యి.

కొమురయ్య: (వేళ్ళ మీద) నలభై రెండును రెండుతోని… ఇరవై ఒక్కటి. ఇరవై ఒక్క ఆంపియర్లా!

సులోచన: గీజర్ పెట్టే పెద్ద ప్లగ్గు ఎంతది?

కొమురయ్య: పదహారు.

సులోచన: గీజర్ ప్లగ్గు సుత పట్టనంత కరెంటు, బొటనవేలంత సెల్లుల నుంచి గుంజుతా అంటున్నవ్. అదీ మూతి దగ్గర పెట్టుకొని.

(ఇక్కడ జర సేపు చప్పుడు లేదు. కొమురయ్య సార్ ఓటమిని ఒప్పుకోడు, బీడీ లేని చేతిని నోటి దగ్గరికి తీసుకపోతడు. అది నాకు కొత్తేం కాదు.)

కొమురయ్య: కాయిళ్ళు రెండున్నయ్ గదనే. పారలల్. మోటర్ల రెండు తీగెలు జోడేస్తే కరెంటు పంచుకుంటయ్, తీగె వేడెక్కది.

సులోచన: పంచుకునేది కాయిళ్ళు. పెట్టేది ఒక్క సెల్లే గదా? ఇంట్ల తినేటోళ్ళు ఇద్దరైతే పొయ్యికాడ ఉన్నదానికి పని తగ్గుతదా? ఒక్కోటి 0.4, రెండు కలిస్తే 0.2. వండేదానికి రెట్టింపు చాకిరి.

కొమురయ్య: నీ బతుకు ముచ్చట ఓం నియమంల కలుపకు.

సులోచన: కలిసే ఉన్నది. సెల్లు ఏది?

కొమురయ్య: వానిదొకటున్నది, 18650. దానికి పైన తొడుగు చినిగింది. అందుకే పాత పవర్‌బ్యాంక్ పలుగగొట్టి ఒకటి తీసిన. సైజు సేమ్. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు. పేరే సైజు, మంచిగున్నది కదా?

సులోచన: సైజొక్కటైతే సత్తువ ఒక్కటైతదా? నువ్వూ నీ తమ్ముడూ ఒకటే ఎత్తు. పవర్‌బ్యాంక్ సెల్లు నిమ్మళంగ ఫోన్‌కు చార్జింగ్ ఇచ్చేటందుకు చేసింది. ఒక్కపాలి 21 ఆంపియర్లు గుంజితే లోపల ఉడుకుతది, ఉడికి ఉడికి గ్యాసు తన్నుతది, అంటుకుంటది. అల్లుని సెల్లు మీద ఏం రాసున్నది?

కొమురయ్య: 20ఏ. ఇరవై ఆంపియర్లు.

సులోచన: చూసినవా? 0.25 అని ఆయన లెక్కేసి రాసిండు. అప్పుడు 16.8 ఆంపియర్లు, సెల్లు ఓపుతది. నీ లావు తీగెతోని 21. గీత దాటింది. పేపరు దిద్దుతే ఇరవై ఐదుకు సున్న.

కొమురయ్య: అయితే ఫ్యూజ్ కొట్టేస్తది, గంతే గదా?

సులోచన: ఫ్యూజ్ ఎక్కడున్నది దీంట్ల? ఇప్పి చూపెట్టు.

కొమురయ్య: (గొట్టం మరలిప్పుతూ) ఇగో, కింద బటన్… పైన మొన… నడుమ సెల్లు… ఏడున్నదో…

సులోచన: లేదు. దీన్ని మెకానికల్ అంటరు. ఉత్త రాగి గొట్టం. బటన్ ఒత్తితే సెల్లు, కాయిల్ మొఖామొఖి. ఆపేదేం లేదు. మన ఊర్లల్ల కిట్‌క్యాట్‌ల ఫ్యూజ్ వైర్ బదులు లావు రాగి తీగె సుడతరు చూడు…

కొమురయ్య: అమ్మో! గట్ల సుడితేనే గదా నాకు గిరాకీ. మోటర్ కాలిపోయి ట్రాక్టర్ల ఏసుకొని వస్తుండె.

సులోచన: అచ్చం గదే. ఇది పుట్టుకతోనే రాగి తీగె చుట్టిన కిట్‌క్యాట్. షార్టైతే కాలేది ఫ్యూజ్ కాదు, సెల్లు. సరే, ఈ పక్కన బొక్కలేవి? గిట్లాంటి గొట్టాలకు బొక్కలుండాలె.

కొమురయ్య: (గొంతు తగ్గించి) ఉండె.

సులోచన: ఉండె అంటే?

కొమురయ్య: దుమ్ము లోపలికి పోతదని ఎంసీల్ ముద్ద పెట్టి మూసిన.

సులోచన: ఓరి దేవుడా! సెల్లు గ్యాసు తన్నితే బయటికి పోయేటందుకే ఆ బొక్కలు. అవి మూస్తే గొట్టం దీపావళి బాంబయితది. రాగిముక్కలు మొఖం మీదికొస్తయ్. గీకు! గోటితోని గీకు!

కొమురయ్య: గట్టిపడ్డది.

సులోచన: అయితే ఇగ ఈ గొట్టం ముట్టొద్దు. ఆ రెండో ఈ-సిగరెట్, ఆ డబ్బా లాంటిది ఇటియ్యి. దీంట్ల చిప్పుంటది. ముందు రెసిస్టెన్స్ కొలుస్తది, నచ్చకపోతే కరెంటియ్యది. రెంటికీ మర ఒక్కటే, కాయిళ్ళున్న ఆ తల తీసి దీనికి బిగియ్యి.

కొమురయ్య: చిప్పు మీద నాకు నమ్మకం లేదు. మనిషి చెయ్యి… ఇగో బిగిచ్చిన. ఏదో రాసింది. 'షార్ట్' అంటుంది! నేను సుట్టిందాన్ని షార్టంటదా! దీని చిప్పు పాడైంది.

సులోచన: భూతద్దం పెట్టి చూడు.

కొమురయ్య: …

సులోచన: ఏమైంది?

కొమురయ్య: కాయిల్ కాలు జర పొడుగుండె. గోడకు తాకుతున్నది.

సులోచన: ఎంత?

కొమురయ్య: వెంట్రుకంత. (టక్కున కత్తిరించిన చప్పుడు.) ఇగ చూడు, షార్ట్ పోయింది. 0.20 అని వచ్చింది.

సులోచన: ఇప్పుడు నీ మీటర్ నమ్ముతవా, నన్ను నమ్ముతవా?

కొమురయ్య: డబ్బాను నమ్ముతున్న. తక్కువ వాట్లు పెట్టి ఒక్కపాలి ఒత్తుతా, జరుగు. ఆఁ, చూసినవా? ఒకటి నడుమల నుంచి ఎర్రగైతున్నది, ఒకటి కొసకైతున్నది. చుట్ల నడుమ సందున్నది అక్కడ. గిది నీ పుస్తకంల ఉండదు, కొసకు ఎరుపొస్తే అక్కడ మాడుతదని చేతికెరుక. చిమ్టతోని సల్లారినంక నొక్కాలె, ఎర్రగున్నప్పుడు ఇనుప చిమ్ట పెడితే మల్ల షార్టే. నడుమల నుంచి రెండు దిక్కులకు సమంగ పాకాలె, అప్పుడే…

సులోచన: ఆపు. చాలు. స్టవ్ తీగె అది. ఊడబీకు. అల్లుడొస్తే దొరకలేదని చెప్దాం. ఈ సెల్లు తొడుగెంత చినిగిందో చూసినవా? పైన మొన ఒక్కటే ప్లస్సు. ఆ అంచు నుంచి కింది దాకా ఒళ్ళంతా మైనస్. రెంటి నడుమ గీ పల్సని తొడుగు, ఒక కాగితం బిళ్ళ. అవి పోతే తాళంచెవి తగిలినా షార్టే. గందుకే దీన్ని ఉత్తగ జేబుల వేసుకోవద్దు, ప్లాస్టిక్ డబ్బిల పెట్టాలె.

కొమురయ్య: ఇన్సులేషన్ టేప్ చుట్టనా?

సులోచన: టేప్ లావైతది, వేడికి జిగురు కారుతది. తొడుగు మార్చాలె, లేకుంటే వాడుడే మానాలె.

(గేటు చప్పుడు. కారు తలుపు. 'అమ్మా!' అని బిడ్డ గొంతు.)

కొమురయ్య: వచ్చిండ్రు! తియ్యి, తియ్యి, తియ్యి!

సులోచన: ఏది ఎక్కడ పెట్టాలె?

కొమురయ్య: తీగె నా బనీన్ల! గొట్టం బతుకమ్మ తాంబాళం కింద! డబ్బా నేను పట్టుకున్న. సెల్లు దాయి!

సులోచన: దాసిన.

కొమురయ్య: ఏడ?

సులోచన: చిల్లర డబ్బల.

కొమురయ్య: సులోచనా.

సులోచన: ఏందీ?

కొమురయ్య: స్టీలు డబ్బ. స్టీలు రూపాయలు. చినిగిన సెల్లు.

సులోచన: …

(ఆ మీద కొన్ని క్షణాలు మాటల్లేవు. తాంబాళం పడ్డది. డబ్బ బోర్లపడ్డది. రెండు రూపాయల బిళ్ళలు వరండంతా దొర్లి, ఒకటి మెట్ల మీద నా కాలిదాకా వచ్చింది.)

కొమురయ్య: దొరికింది! అబ్బ, గోరువెచ్చగైంది అప్పుడే. టీచరమ్మా, ఒళ్ళంతా మైనస్ అని చెప్పిందెవరే?

సులోచన: మెల్లగ మాట్లాడు.

కొమురయ్య: చెయ్యెత్తి చెప్పాలె.

అల్లుని గొంతు: ఏంది మామయ్యా, ఇద్దరు కింద కూసున్నరు?

కొమురయ్య: ఏం లేదు బిడ్డా. మీ అత్తమ్మ చిల్లర లెక్కవెడుతుంది. నాకు లెక్కలు రావు గదా.