అరుగు మీద అడిగే ప్రశ్న

"పొలం సొంతమా, కౌలా?" సర్వేకు వచ్చిన మనిషి రామాలయం అరుగు దగ్గర ఈ మాట అడిగితే కోనసీమ కౌలు రైతు ఏం చెప్పాలి? ఎకరానికి ఎన్ని బస్తాలు కొలుస్తున్నాడో ఊరందరికీ తెలుసు. కానీ అది నోటిమాట కౌలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. ఆ యజమాని తమ్ముడు పక్కనే కూర్చుని ఉంటే "వాళ్ల పొలం చూసుకుంటున్నానండీ" అని ఊరుకుంటాడు. లెక్కలో ఒక కౌలు రైతు తగ్గిపోతాడు.

తప్పు రైతుది కాదు, అడిగిన తీరుది. అమెరికాలో 1995లో 15–19 ఏళ్ల అబ్బాయిలను ఒకే ప్రశ్నలు రెండు రకాలుగా అడిగారు. తోటి మగవారితో లైంగిక సంబంధం ఉందని కాగితం మీద రాసిచ్చినవారు 1.5 శాతం. హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్న విని కంప్యూటర్‌లో తామే నొక్కినవారిలో అది 5.5 శాతం. ప్రశ్న మారలేదు, చాటు పెరిగిందంతే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ గృహహింస ప్రశ్నలు ఇంటికి ఒక్క మహిళనే, ఎవరూ వినకుండా అడగాలి. చాటు దొరక్కపోతే అడగకూడదు. ఈ నియమం మాకు ఎంతో నచ్చింది.

ఫోన్ సర్వేల టెన్షన్ వేరు. స్పీకర్ ఆన్‌లో ఉంటే అత్తగారు వింటున్న జవాబే వస్తుంది. చాంతాడంత జాబితా చదివితే చివరి మాటే గుర్తుండి దాన్నే చెప్పేస్తారు. ఇక ఒకటో తేదీన పింఛను తెచ్చిచ్చే ఉద్యోగే మర్నాడు ట్యాబ్ పట్టుకుని "పథకాలు సరిగ్గా అందుతున్నాయా అమ్మా?" అంటే, "ఆయ్, బాగానే అందుతున్నాయండీ" అనక ఆ ముసలమ్మ ఏమంటుంది?

పథకాలు ఇచ్చే చేతులకు ఈ ప్రశ్నలు అప్పగించొద్దు. చెప్పుకోలేని సంగతులను చదువు రానివారూ వినగలిగేలా తెలుగు గొంతుతో హెడ్‌ఫోన్స్‌లో అడగండి. ప్రతి అంకె పక్కన ఎవరు, ఎలా, ఎవరి ఎదుట అడిగారో ముద్రించండి. సర్వే వార్తలు రాసేటప్పుడు మా పత్రికలూ ఆ వివరం అడిగి తీరాలి.

2027 జనగణనలో ఎవరి వివరాలు వారే ఆన్‌లైన్‌లో నింపుకునే వీలుంది. మంచిదే. అయితే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అదీ కొడుకు చేతిలో. పొద్దున్నే రొయ్యల షెడ్డుకు పోయి చేతులు పాచిపోయి వచ్చే తల్లి పని గడిలో అతను 'ఇంటిపని' అని నొక్కేస్తే, ఆమె కూలి ఏ లెక్కలోకీ రాదు. కాబట్టి గణకులు ఆన్‌లైన్‌లో నింపిన ఇళ్లకు వెళ్లినప్పుడు కూడా ఆడవాళ్ల పని గురించి ఆడవాళ్లనే అడగాలి.