ఆ 'కె' ఒకప్పుడు పలికేది

మూడో తరగతి పిల్లవాడు 'నైఫ్' అన్న మాటను కూడబలుక్కుని 'క్నైఫ్' అని చదువుతాడు. తరగతి గొల్లుమంటుంది. 'కె సైలెంట్ అని ఎన్నిసార్లు చెప్పాలి?' అని ఉపాధ్యాయుడు కసురుకుంటాడు. ఆ పిల్లవాడు మళ్లీ నోరు విప్పడానికి ఎన్నాళ్లు పడుతుందో! నిజానికి వాడు చదివింది కాగితం మీద ఉన్నదే. పదిహేడో శతాబ్దం దాకా ఇంగ్లండులో పెద్దలు కూడా ఆ 'కె'ను పలికారు.

ఆ మాట కూడా ఇంగ్లిషువారి సొంతం కాదు, స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు వదిలివెళ్లినది. 'వారు' అనడానికి వాడే 'దే' సైతం వాళ్లదే. సర్వనామాన్ని కూడా పరాయివాళ్ల దగ్గర తీసుకున్న భాష అది. 1066లో ఫ్రాన్స్ ఉత్తర తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువులో, కోర్టుల్లో ఫ్రెంచి రాజ్యమేలింది. కొట్టంలో ఉన్నంతసేపూ 'కౌ', వడ్డించేసరికి 'బీఫ్': మేపినవాడి మాట ఒకటి, తిన్నవాడి మాట మరొకటి. కోర్టుల్లో వాదనలు ఇంగ్లిషులోనే సాగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో!

1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చిన విలియం కాక్స్‌టన్ ఒక సంగతి రాసిపెట్టాడు. థేమ్స్ మీదుగా ఓడలో బయలుదేరిన వర్తకులు గాలి లేక దారిలో ఆగిపోయారు. వారిలో ఒకడు ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్లి గుడ్లు కావాలని 'ఎగ్స్' అన్నాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. అతనికీ ఫ్రెంచి రాదు, అందుకే కోపమొచ్చింది. పక్కవాడు 'ఐరెన్' అన్నాకగానీ ఆమెకు అర్థం కాలేదు. ఇద్దరిదీ ఇంగ్లిషే. ఇందులో ఏది అచ్చువేయాలని కాక్స్‌టన్ తల పట్టుకున్నాడు.

అచ్చు వచ్చాక వర్ణక్రమం గడ్డకట్టింది, నోరు మాత్రం ఆగలేదు. ఒకప్పుడు 'నేమ్'ను 'నామ' అన్నట్టుగా, 'హౌస్'ను 'హూస్' అన్నట్టుగా పలికేవారు. రెండు మూడు శతాబ్దాల్లో దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి, రాత పాతదే మిగిలింది. పండితులు చేసిన చిక్కు వేరే ఉంది. అప్పు అనే అర్థమున్న 'డెట్'లో ఎవరూ పలకని 'బి'ని, లాటిన్ మూలం కనిపించాలని వాళ్లే ఇరికించారు. దానికి నేటికీ మన పిల్లల మార్కులు పోతున్నాయి.

ఇంగ్లిషులో నువ్వు, మీరు తేడా లేదని మనవాళ్లు తరచూ అంటుంటారు. ఒకప్పుడు ఉండేది. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దేవుడి ముందు అందరూ సమానమేనంటూ న్యాయమూర్తిని కూడా 'దౌ' అనే పిలిచి చిక్కుల్లో పడ్డారు. చివరికి సామాన్య వ్యవహారంలో నిలిచింది గౌరవవాచకమే. ఈరోజు ఇంగ్లిషులో చంటిపిల్లనైనా 'మీరు' అనే పిలుస్తున్నారని తెలిస్తే మన పిల్లలకు ఆ భాష మీద భయం పోయి ముచ్చట కలగదా?

భాష చెడిపోతోందన్న బెంగ అక్కడా ఉంది. దాన్ని కట్టుదిట్టం చేసే సంస్థ కావాలని 1712లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ కోరాడు. అది రాలేదు. 1755లో నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్, భాషను కదలకుండా నిలపగలనన్న ఆశ వదులుకున్నానని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. అలా తలుపులు తెరిచి ఉంచిన భాషలోకి మన పందికొక్కు కూడా 'బ్యాండికూట్'గా వెళ్లింది.

తెలుగు రాష్ట్రాల బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం విస్తరించింది. భాషతోపాటు దాని కథ మాత్రం తరగతికి చేరడం లేదు. ప్రాథమిక తరగతుల ఇంగ్లిషు పుస్తకంలో ఇందుకు నాలుగు పేజీలు కేటాయించాలని, ఉపాధ్యాయ శిక్షణలో దీన్ని చేర్చాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. 'నువ్వు చదివినట్టే ఒకప్పుడు వాళ్లూ పలికేవారు, తర్వాత మానేశారు' అని ఆ పిల్లవాడికి చెప్పడానికి అర నిమిషం చాలు.