సిజేరియన్ ఇంజెక్షన్‌తో తోక ఎముక పాడవదు

ఈ ఏడాది ముగ్గురు ఆడవాళ్లు ఒకే వాట్సాప్ మెసేజ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను ఫిజియోథెరపీ చేస్తాను. ముగ్గురికీ తోక ఎముక నొప్పే. ఆ మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది: తోక ఎముక పనికిరాని ఎముక. సిజేరియన్‌లో వెన్నుకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్ దాన్ని పాడుచేస్తుంది. కింద పడితే అది పక్కకి జరుగుతుంది, చెయ్యి తిరిగినవాళ్లు ఒక్క తోపుతో సరిచేస్తారు. నెల రోజులు మంచం దిగకూడదు, మధ్యలో రంధ్రమున్న దిండు మీదే కూర్చోవాలి. అప్పటికీ తగ్గకపోతే ఎముక తీయించేసుకుంటే పీడ విరగడవుతుంది.

ముగ్గురిలో ఒకావిడ ఎనిమిది నెలలుగా నిలబడే అన్నం తింటోంది. "ఎక్కడ నొప్పి అని అడిగితే ఏం చెప్పను మేడం, సిగ్గేసి ఊరుకున్నాను" అంది. చెప్పుకోలేని చోట నొప్పి వచ్చినవాళ్లు ఇలాంటి మెసేజ్‌లనే నమ్ముకుంటారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"పనికిరాని ఎముక." కాదు. ఊళ్లలో ముడ్డిపూస అంటారు, స్కూలు పుస్తకాల్లో అనుత్రికం. వెన్నెముక చిట్టచివర మూడు నుంచి ఐదు చిన్న పూసలు, ఎక్కువమందికి నాలుగు. పిరుదుల పెద్ద కండరంలో కొంత భాగం, మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలు, మలద్వారం చుట్టూ ఉండే కండరం, ఇవన్నీ దీన్ని పట్టుకుని ఉంటాయి. వెనక్కి వాలి కూర్చుంటే ఒంటి బరువులో కొంత దీని మీద పడుతుంది. కుర్చీలోంచి లేచే క్షణంలో పొడిచినట్టు నొప్పి రావడం ఈ జబ్బుకి పెద్ద గుర్తు.

"సిజేరియన్ ఇంజెక్షన్ వల్ల వస్తుంది." మెసేజ్‌లో నాకు ఎక్కువ బాధ కలిగించిన మాట ఇదే. దీన్ని నమ్మి ఆపరేషన్ అవసరమైనప్పుడు కూడా భయపడేవాళ్లు ఉన్నారు. ఆ సూది నడుము దగ్గర, సాధారణంగా నడుములోని మూడో నాలుగో పూసల మధ్యనో, నాలుగో ఐదో పూసల మధ్యనో గుచ్చుతారు. తోక ఎముక అక్కడికి దాదాపు జానెడు కింద ఉంటుంది. మధ్యలో త్రికం అనే పెద్ద ఎముక మొత్తం ఉంది. గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, అది వేరే సంగతి. ఇంకో మాట. ఈ నొప్పికి వైద్యంలో పేరు పెట్టింది 1859లో, ఎడిన్‌బరోలో పురుళ్లు పోసే డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్. వెన్నుకి మత్తిచ్చి ఆపరేషన్ చేయడం జర్మనీలో ఆగస్ట్ బియర్‌తో మొదలైంది 1898లో. ఆ సూది పుట్టకముందే ఆడవాళ్లు ఈ నొప్పి పడుతున్నారు.

నిజానికి మామూలు కాన్పులోనే దీని మీద ఒత్తిడి ఎక్కువ. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ ఎముక వెనక్కి వంగి దారి ఇస్తుంది. బిడ్డ పెద్దగా ఉన్నా, పరికరం వేసి లాగాల్సి వచ్చినా కీలు, దాన్ని పట్టుకున్న నారల్లాంటి పట్టీలు సాగిపోవచ్చు. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఈ నొప్పి సుమారు ఐదు రెట్లు ఎక్కువ కనిపించడానికి అది ఒక కారణం. సిజేరియన్ తర్వాత వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది, పాలిచ్చేటప్పుడు ఎలా కూర్చుంటున్నారని. మెత్తటి పరుపు మీద వెనక్కి జారి గంటలు గంటలు కూర్చోవడం చాలామందిలో బయటపడుతుంది.

"పక్కకి జరిగింది, ఒక్క తోపుతో సరి." మెట్ల మీద, బాత్రూంలో జారి కూలబడితే ఎముక చిట్లవచ్చు, కీలు తప్పవచ్చు, నిజమే. కానీ ఎక్స్‌రేలో వంకరగా కనిపించిన ప్రతిదీ జరిగినట్టు కాదు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది ముందుకి బాగా వంగి ఉండటం మామూలే. కీలు అతిగా కదులుతోందో లేదో తెలియాలంటే నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి ఎక్స్‌రే తీసి పోల్చాలి. చిట్లిన ఎముకని తోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చేతికీ కాలికీ వేసినట్టు ఇక్కడ కట్టు వేయడం కూడా కుదరదు. పైగా అక్కడి నొప్పంతా ఎముకదే అనుకోకూడదు. పిరుదుల చీలికలో గడ్డ కట్టి చీము కారుతున్నా, జ్వరం ఉన్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, బరువు తగ్గిపోతున్నా డాక్టరుకి చూపించాలి. మర్మావయవాల దగ్గర తిమ్మిరి ఎక్కి, మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

"నెల రోజులు మంచం, రంధ్రమున్న దిండు." మంచం అక్కర్లేదు, నడక మంచిది. రంధ్రమున్న గుండ్రటి దిండు చాలామందికి సరిపడదు. ఎముక కొస దాని వెనక అంచుకే తగిలే అవకాశం ఉంది. వెనక వైపు తెరిచి ఉన్న ఏటవాలు దిండు మేలు. పరుపులు కుట్టేవాళ్ల దగ్గర గట్టి ఫోమ్ తీసుకుని వెనక అంచు మధ్యలో ముక్క కోయించుకున్నా పనికొస్తుంది. కాస్త ముందుకి వంగి కూర్చుంటే బరువు తొడల మీదికి పోతుంది. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడాలి, ముక్కిన ప్రతిసారీ ఆ కండరాలు ఎముకని లాగుతాయి. బిగించే వ్యాయామాలు యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టకండి. కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి, వాళ్లకి వదులు చేయడం నేర్పాలి.

"తీయించేసుకుంటే పీడ విరగడ." సుమారు నూటికి తొంభై మందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాకపోతే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దిండుతో, వ్యాయామంతో తగ్గకపోతే ఆ చోట ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతులున్నాయి. అవన్నీ అయ్యాకే ఆపరేషన్ మాట. ఆ గాయానికీ మలద్వారానికీ మధ్య బెత్తెడు దూరం కూడా ఉండదు కాబట్టి చీము పట్టే ప్రమాదం ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.

నిలబడి అన్నం తిన్న ఆవిడకి అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు. రెండు నెలలయ్యేసరికి కుర్చీలో కూర్చుని భోంచేసింది. ఆర్టీసీ బస్సు ఎక్కితే మాత్రం కోయించుకున్న ఫోమ్ ముక్క ఇప్పటికీ సంచిలో పెట్టుకుంటుంది.