ఒక్క రక్తపు చుక్కలో జన్యువుల జాతకం దొరకదు

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఉదయపు నడక మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. మన డీఎన్‌ఏలో 98 శాతం చెత్త అని, పుట్టుకతో వచ్చిన డీఎన్‌ఏ అక్షరాలకన్నా, వాటిమీద అంటుకుని జన్యువుల పనిని పెంచే, తగ్గించే రసాయన గుర్తులే (ఎపిజెనెటిక్ గుర్తులు) ముఖ్యమని, పనిచేసే జన్యువులేవో ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుందని, మండలం రోజుల ఆహార నియమంతో వాటిని మార్చుకుని మధుమేహాన్ని వదిలించుకోవచ్చని, తాతల నాటి కరువే మనవల జబ్బుకు మూలమని దాని సారాంశం. చివర పరీక్ష రుసుము, ఫోన్ నంబరు ఉన్నాయి. నమ్మి మందులు మానేసేవారు ఉండవచ్చు కనుక దీన్ని నవ్వి వదిలేయలేము.

ప్రోటీన్లకు సంకేతమయ్యే భాగం 2 శాతం లోపేనన్నది నిజం. తక్కినదంతా చెత్త అన్నది నిజం కాదు. అలాగని అంతా అమూల్యమేననడమూ తొందరపాటే: మానవ డీఎన్‌ఏలో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు శాస్త్రవేత్తలు 2012లో 80 శాతం డీఎన్‌ఏలో ఏదో ఒక జీవరసాయన చర్య కనిపిస్తోందని ప్రకటించినప్పుడు, చర్య ఉన్నంత మాత్రాన ప్రయోజనం ఉన్నట్లు కాదని సాటి శాస్త్రవేత్తలే గట్టిగా ఆక్షేపించారు.

ప్రోటీన్లకు సంకేతం కాని డీఎన్‌ఏకూ పని ఉండవచ్చనడానికి పాడికి పేరున్న మన ప్రాంతంలో పాలను మించిన ఉదాహరణ లేదు. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ ఎంజైము పసిపిల్లల పేగులో దండిగా తయారవుతుంది, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలిగినవారిలో చాలామందికి, లాక్టేజ్ జన్యువు నుంచి సుమారు 14,000 అక్షరాల దూరంలో, పొరుగున ఉన్న ఎంసీఎం6 జన్యువులోని ప్రోటీనుతో నిమిత్తం లేని భాగంలో, 'సి' అనే అక్షరం ఉండవలసిన చోట 'టి' ఉంటుందని ఫిన్లాండ్ పరిశోధకులు 2002లో చూపించారు. ఆ 'టి' మన దేశంలోనూ ఉంది, వాయవ్యంలో ఎక్కువగా, దక్షిణాన తక్కువగా. 'సి' ఉన్న జన్యు ప్రతిలో, పేగు కణాల్లో, వయసుతోపాటు మిథైల్ గుర్తులు (ఎపిజెనెటిక్ గుర్తుల్లో ఒక రకం) పేరుకుని లాక్టేజ్ జన్యువు అణగిపోతుందని 2016లో మరో బృందం వివరించింది. అంటే పుట్టుకతో వచ్చిన ఒక్క అక్షరమే తరువాతి ఎపిజెనెటిక్ గుర్తుల నడకను నిర్దేశిస్తోంది. సందేశం ఈ రెండింటినీ ప్రత్యర్థులుగా నిలబెట్టడమే అసలు తప్పు. 

రక్తపరీక్ష మాట ఇక్కడే వీగిపోతుంది. లాక్టేజ్ గుర్తులు మారేది పేగు కణాల్లో, ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోని బీటా కణాల్లో. మోచేతి నుంచి తీసిన రక్తంలో డీఎన్‌ఏ ఎక్కువగా తెల్లకణాలది. ఒక్క జ్వరం వచ్చి ఆ కణాల పాళ్లు మారినా మిథైలేషన్ (మిథైల్ గుర్తులు అంటుకోవడం) అంకెలు మారతాయి కనుక, పరిశోధకులు ముందు ఆ తేడాను లెక్కకట్టి తీసేస్తారు.

మండలం రోజుల మార్పు విషయంలో కొంత ఒప్పుకోవాలి. పొగతాగేవారి రక్తంలో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు దగ్గర మిథైలేషన్ తగ్గుతుంది, మానేస్తే నెలలు, ఏళ్ల మీద కొంత కోలుకుంటుంది. కానీ గుర్తు మారడం వేరు, ఆ గుర్తే జబ్బును నడపడం వేరు. అక్షరాలు గర్భధారణ నాడే స్థిరపడతాయి, తరువాత పెరిగిన బరువు వాటిని మార్చలేదు. అందుకే కారణమేదో, ఫలితమేదో తేల్చడానికి జన్యు సమాచారం అక్కరకు వస్తుంది. లండన్‌లోని భారత సంతతివారిని కూడా కలుపుకుని పదివేలకు పైగా నమూనాలను ఇలా పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో, బరువుతో ముడిపడిన మిథైలేషన్ తేడాల్లో అత్యధికం స్థూలకాయానికి ఫలితాలేనని, కారణాలు కావని తేలింది. ఫలితాన్ని దిద్దితే కారణం తొలగిపోదు.

కరువు మాట రాయలసీమలో తేలిగ్గా నాటుకుంటుంది. దీనికి ఆధారంగా చెప్పే 1944-45 నాటి నెదర్లాండ్స్ క్షామంపై 2008లో వెలువడిన అధ్యయనంలో, పెరుగుదలలో పాత్ర ఉన్న ఐజీఎఫ్2 జన్యువు దగ్గర మిథైలేషన్ తేడా కనిపించింది ఆ క్షామకాలంలో తల్లి కడుపున పడినవారిలోనే, ఆరు దశాబ్దాల తరువాత. ఆ అధ్యయనం వారి మనవలను పరీక్షించలేదు. పైగా అండం ఫలదీకరణ చెందాక తల్లిదండ్రుల మిథైల్ గుర్తుల్లో అధికభాగం చెరిగిపోయి మళ్లీ కొత్తగా ఏర్పడతాయి.