నో క్యాప్ అంటే మీకెందుకంత మంట?

ఆదివారం పొద్దున్నుంచీ మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే గోల. ఇంటర్ చదివే మా మేనకోడలు "మ్యాథ్స్ పేపర్ ఈజీగా వచ్చింది, నో క్యాప్" అని పెట్టింది. అబద్ధం కాదు, ఒట్టు అని దానర్థం. అంతే, మా బాబాయి అందుకున్నాడు: "నెత్తిన పెట్టుకునేదానికీ అబద్ధానికీ ఏంటమ్మా సంబంధం? మీ తరం భాషని నాశనం చేస్తోంది."

బాబాయ్, నువ్వేనా ఈ మాట అనేది? మన వీధిలో చీటీలు వేసినాయన రాత్రికి రాత్రే తాళం వేసి చెక్కేస్తే, ఆ గేటు ముందు లుంగీ ఎగ్గట్టి నిలబడి "వెధవ, అందరికీ టోపీ పెట్టి పోయాడు" అని తిట్టింది నువ్వు కాదూ? మర్నాడు పేపర్లో కూడా 'కుచ్చుటోపీ' అనే హెడ్డింగు పెట్టారు. నెత్తికీ మోసానికీ సంబంధమేంటని ఆ రోజు ఎవరూ అడగలేదే!

పిల్లలు వాడే ఈ క్యాప్ అమెరికాలో నల్లజాతివాళ్ల వాడుకలో పుట్టి, ర్యాప్ పాటలతో పాటు మన ఫోన్లలోకి వచ్చింది. మన టోపీతో దానికి చుట్టరికమేమీ లేదు. అయినా అక్కడా ఇక్కడా అనుమానం నెత్తి మీదికే పోయింది చూడండి!

అసలు టోపీ అనే అర్థమున్న ఇంగ్లీషు 'క్యాప్' మొదట్లో టోపీయే కాదు. లాటిన్లో 'కప్పా' అంటే తలమీద ముసుగుండే పైఅంగీ. (మన 'కప్పుకోవడం' గుర్తొచ్చి గంతులెయ్యకండి, రెండిటికీ సంబంధం లేదు.) నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆమియెన్ కోటగుమ్మం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో చీల్చి సగం ఇచ్చాడని కథ. తర్వాత ఆయన అంగీ అంటూ ఒకదాన్ని ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. అది ఉన్న చోటు 'కపెల్లా'. చాపెల్ అన్న మాట దాన్నుంచే వచ్చింది. ఓ గుడ్డముక్క పేరు ప్రార్థన మందిరానికి స్థిరపడిపోయింది!

ఎస్కేప్ కూడా ఈ ఇంటి పిల్లే. పట్టుకోబోయినవాడి చేతిలో అంగీ వదిలేసి ఉడాయించడం. వాళ్ల దొంగ ఉన్నది వదిలేసి పోతాడు, మన దొంగ మనకే టోపీ పెట్టి పోతాడు.

ఇక హ్యాండిక్యాప్. కాళ్లూ చేతులూ పోయిన సైనికులు టోపీ చేతపట్టి అడుక్కునేవారని, అందుకే ఆ పేరని ఓ ఫార్వర్డు తిరుగుతోంది. మా గ్రూపులో దాన్ని పంపింది బాబాయే. అది శుద్ధ అబద్ధం. 17వ శతాబ్దపు ఇంగ్లండులో 'హ్యాండ్ ఇన్ క్యాప్' అనే వస్తుమార్పిడి ఆట ఉండేది. వస్తువుల విలువలో తేడా ఎంతో మధ్యవర్తి తేల్చేవాడు. ఆ బేరం ఒప్పుకున్నారో లేదో టోపీలోంచి తీసిన చేతిని బట్టి తెలిసేది. తర్వాత గుర్రప్పందేల్లో గట్టి గుర్రానికి అదనపు బరువు పెట్టడానికి ఆ పేరు వాడారు. వైకల్యం అనే అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది.

కాబట్టి బాబాయ్, ఆ ఫార్వర్డే అసలు సిసలైన క్యాప్. మేనకోడలి మ్యాథ్స్ పేపర్ సంగతంటావా, అది నాకూ అనుమానంగానే ఉంది. మార్కులు రానీ.